ఒక పూలమొక్కను పది చేయుట ఎట్లు?

(ప్రసంగ పాఠము)



వరి, జొన్న, పత్తి, మిరప పైరులను గూర్చి మీరు తరచుగా వినుచుందురు, చదువుచుందురు. నేడు నేను పొలము విడిచి మీ పెరటిలోనికి వచ్చుచున్నాను. అరుగు ప్రక్కనున్న మల్లెపొద, బావి దగ్గరి ముద్దమందారము, పంచలో కుండీలలో పెంచుకొను గులాబీ, కనకాంబరము - వీటిని ఇంటివద్దనే పెంపు చేసికొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను. ఇది కేవలము వేడుక కొరకు చెప్పుచున్న సంగతి అని తలచవద్దు. ఇందులో మీ ఇంటికి సంబంధించిన లాభనష్టములు ఉన్నవి.

మీ పెరటి ముద్దమందారమునకు కాయ కాచి గింజ రాలుట మీరెప్పుడైన చూచితిరా? చూచి యుండరు. ముద్దపూలలో కేసరములు రేకులుగా మారిపోవుట చేత గింజ పట్టుట మిక్కిలి అరుదు. నారింజ రంగుతో నిగనిగలాడు ఢిల్లీ కనకాంబరమునకు కణములలో క్రోమోజోములు రెండు వరుసలకు బదులు మూడు వరుసలు ఉండుట చేత గింజ పట్టదు. గుండుమల్లెను గింజ వేసి పెంచువారు లేరు. ఇట్టి మొక్కలకు కొమ్మయే విత్తనము.

కనుక పెరటిలో అట్టి మొక్క ఒక్కటే ఉన్నయెడల, వేరుకుళ్ళు వచ్చిగాని, తుఫాను నీరు నిలిచిగాని అది చనిపోయిన దినమున ఆ పువ్వు ఆ యింటికి లేనట్లే. అదే పేరు చెప్పి కొనితెచ్చిన మొక్క అదే రకమో కాదో పూత వచ్చువరకు తెలియదు. అప్పటికి ఏడాది గడచిపోవును. పది మొక్కలో, ఒక సెంటు తోటయో వేసి పూలమ్ముకొను ఇంటికి ఇది చిన్న నష్టము కాదు. అందుచేత మొక్క బాగుగా ఉన్నప్పుడే దానికి జంటను తయారు చేసి పెట్టుకొనవలెను. వడలిపోవుచున్న మొక్క నుండి తొందరపడి కోసిన కొమ్మ సాధారణముగా వేరు పట్టదు.

కొమ్మకు వేరు ఎందుకు వచ్చును?

కొమ్మ బెరడునకు, లోపలి కొయ్యకు నడుమ ఒక సన్నని పచ్చి పొర కలదు. కొమ్మ లావెక్కుట ఈ పొర వలననే. కొమ్మను కోసి తడి ఇసుకలో పెట్టినపుడు, ఈ పొర సమీపమున ఉన్న కణములే చీలి కొత్త వేళ్ళుగా తయారగును. వాటిని మేల్కొలుపునది ఆక్సిన్ అను హార్మోను. ఇది చివుళ్ళలోను, లేత ఆకులలోను పుట్టి, క్రిందికి దిగి, కోత వద్ద చేరును. ఓట్స్ మొలకలపై పరిశోధించి, చివుళ్ళ నుండి దిగు ఈ పదార్థమును వేరుచేయు విధమును 1928లో హాలెండు శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ వెంట్ ప్రకటించెను. నేడు వేళ్ళు తెప్పించుటకు నర్సరీలలో వాడు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లము యొక్క గుణము 1935లో వెల్లడియైనది.

హార్మోను పైనుండి క్రిందికే నడచును గనుక, కొమ్మను తలక్రిందుగా నాటినచో పని చెడును. కోసిన కొమ్మలు కలిసిపోయి ఏది పైభాగమో తెలియక తికమకపడుట మామూలే. అందుకే క్రింది కోతను అడ్డముగను, పై కోతను ఏటవాలుగను చేయుట మంచి అలవాటు. చూచిన వెంటనే ఏది తల, ఏది మొదలు అని తెలియును.

ఇక ముఖ్యమైన సంగతి. వేరు లేని కొమ్మ రాబడి లేని ఇల్లు వంటిది. ఆకుల నుండి నీరు ఆవిరియై పోవుచునే యుండును, అది ఖర్చు. కోత గుండా పీల్చుకొను నీరు బహు స్వల్పము. కాండములో నిలువయున్న పిండిపదార్థము గాదెలోని గింజల వంటిది. వేరు పుట్టువరకు, అనగా మూడు మొదలు ఎనిమిది వారముల వరకు, ఆ గింజలతోనే ఇల్లు గడవవలెను. కావున మనము చేయవలసినవి మూడే పనులు: గాదె నిండిన కొమ్మను ఎన్నుకొనుట, ఖర్చు తగ్గించుట, కోత కుళ్ళకుండ కాపాడుట. ఇకముందు నేను చెప్పబోవునదంతయు ఈ మూడింటి విస్తరణమే.

తల్లిమొక్క ఎన్నిక

కొమ్మతో పెంచిన మొక్క తల్లికి బిడ్డ కాదు, అది తల్లియే. తల్లి పువ్వు ఎట్టిదో దీని పువ్వు అట్టిది. తల్లికున్న తెగులు దీనికి వచ్చును. మల్లెలో మొగ్గలు పూలుగా విచ్చుటకు బదులు ఆకుపచ్చని ఆకుల గుత్తులుగా మారు తెగులొకటి కలదు. అట్టి పొద నుండి కోసిన కొమ్మలు తెగులును తమతోనే తెచ్చుకొనును. పిండినల్లి పట్టిన మందారపు కొమ్మను తెచ్చినచో పిండినల్లిని చేజేతుల పెరటిలోనికి పిలిచినట్లే.

తల్లిని ఎన్నుకొనవలసినది కొమ్మ కోయు దినమున కాదు, పూత కాలమున. ఏప్రిల్, మే నెలలలో మల్లె నిండుగా పూచునప్పుడు ఏ పొద మొగ్గ లావుగా ఉన్నదో, ఏది ఎక్కువ రోజులు పూచుచున్నదో గమనించి, దానికొక రంగు గుడ్డపీలిక కట్టి ఉంచవలెను. తొలకరి పడిన తరువాత ఆ పీలిక ఉన్న పొద నుండియే కొమ్మలు తీయవలెను. పూలు లేనప్పుడు అన్ని పొదలు ఒకే రీతిగా కనబడును.

కాగితపు పూలలోను, చామంతిలోను, గులాబీలోను అప్పుడప్పుడు ఒక కొమ్మ మాత్రము వేరు రంగు పూలు పూయును. అది మీకు నచ్చినచో ఆ కొమ్మనే నాటి, కొత్త రంగును నిలుపుకొనవచ్చును. నచ్చనిచో అట్టి కొమ్మను అంటునకు వాడరాదు.

కనకాంబరమునకు మరియొక జాగ్రత్త కావలెను. వేళ్ళపై బుడిపెలు కలిగించు నులిపురుగులు దీనికి పెద్ద శత్రువులు. మొక్క గిడసబారి ఆకులు పసుపు రంగుకు తిరిగినచో, ఒక మొక్కను పెరికి వేళ్ళు చూడవలెను. బుడిపెలున్నచోటి నుండి వేళ్ళతో, మట్టితో మొక్కను తేరాదు. నాటబోవు మట్టిని ఎండకాలములో బాగుగా తడిపి, పలుచని తెల్లని పాలిథిన్ పట్టాను గాలి చొరకుండ కప్పి, 4 నుండి 6 వారములు ఎండలో ఉంచినచో, ఆ వేడికి నులిపురుగులు, తెగులు బూజులు చాల వరకు నశించును.

కొమ్మ ఎన్నిక, కోత

మరీ లేత కొమ్మకు గాదెలో గింజలు లేవు, వడలిపోవును. మరీ ముదురు కొమ్మలో గింజలున్నను కణములు మందగించి యుండును, వేరు ఆలస్యమగును. వంచినప్పుడు వంగుచు, మరికొంత వంచిన టక్కున విరుగు నడికారు కొమ్మ మల్లెకు, మందారమునకు, నందివర్ధనమునకు శ్రేష్ఠము. పెన్సిలు లావు చాలును; మల్లెకు అంతకంటె సన్నమైనను ఫరవాలేదు. మొగ్గలున్న కొమ్మను తీయరాదు. తప్పనిచో మొగ్గలు గిల్లివేయవలెను. వేరు లేని ఇంటికి పూల ఖర్చు కూడదు.

ఉదయమున, ఎండ ఎక్కక ముందే కోయవలెను. కత్తి పదునుగా, శుభ్రముగా ఉండవలెను. మొద్దుకత్తితో నలిపిన కోత త్వరగా కుళ్ళును. ముక్క 12 నుండి 15 సెంటీమీటర్ల పొడవు, 3 లేక 4 కణుపులు ఉండవలెను. క్రింది కోత కణుపునకు సరిగా దిగువన రావలెను; అనేక మొక్కలలో వేళ్ళు సులభముగా పుట్టు చోటు అదియే. పై కోత కణుపునకు ఒక సెంటీమీటరు పైన చేయవలెను.

క్రింది రెండు కణుపుల ఆకులు తీసివేసి, పైన రెండు ఆకులు మాత్రముంచి, అవి పెద్దవైనచో సగమునకు కత్తిరించవలెను. ఆకులన్నియు దూయరాదు. ఆ కొద్ది ఆకులే కొంత ఆహారమును, హార్మోనును తయారుచేయును. కోసిన కొమ్మలను తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచి, అదే దినమున నాటవలెను. నందివర్ధనము, గన్నేరు వంటి పాలుగారు కొమ్మలను పాలు ఆగువరకు నీడలో ఉంచి నాటవలెను. గన్నేరులో ప్రతి భాగమును విషమే. కత్తిరించిన కొమ్మలు, ఆకులు పశువులకు, మేకలకు అందనీయరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పని ముగిసిన వెంటనే చేతులు, కత్తి కడుగవలెను.

వేళ్ళు తెప్పించు పొడి దొరికినచో, కోత కొనను తడిపి, పొడిలో అద్ది, అంటుకొనక మిగిలినది దులిపివేసి నాటవచ్చును. మందు ఎక్కువైనచో మేలు ఎక్కువ కాదు. కోత నల్లబడి చచ్చును. ఈ పొడి లేకున్నను మల్లె, నందివర్ధనము, మందారము చక్కగా వేళ్ళూనును.

ఇసుక, నీడ, తడి

నాటుటకు కొత్త కుండీలు అక్కరలేదు. అడుగున రంధ్రములు చేసిన పాత డబ్బా, అంచు పగిలిన కుండ, పాలిథిన్ సంచి ఏదైన సరే. అడుగున పెంకు ముక్కలు పరచి, పైన కడిగిన ఏటి ఇసుకగాని, సగము ఇసుక, సగము కొబ్బరిపొట్టుగాని నింపవలెను. పచ్చి కొబ్బరిపొట్టును రెండు మూడుసార్లు నీట కడిగి పిండి వాడవలెను. సముద్రపు ఇసుక పనికిరాదు. అందులో ఉప్పు ఉండును. ఈ దశలో పశువుల ఎరువు, యూరియా ఏదియు వేయరాదు. వేరు లేని కొమ్మ వాటిని తినలేదు. ఎరువు వలన కోత కుళ్ళుట మాత్రము జరుగును.

పుల్లతో ముందుగా గుంట చేసి, రెండు కణుపులు ఇసుకలో దిగునట్లు కొమ్మను పెట్టి, చుట్టును వ్రేళ్ళతో గట్టిగా అదుమవలెను. పిదప ఒకసారి నిండుగా నీరు పోసి వడియనీయవలెను. కుండీలో నాలుగు పుల్లలు గ్రుచ్చి, పైన తెల్లని పాలిథిన్ సంచిని బోర్లించి, చెట్టు నీడనో, ఉత్తరపు పంచలోనో ఉంచవలెను. లోపలి తేమ వలన ఆకుల ఖర్చు తగ్గును. ఈ సంచిని నేరుగా ఎండలో పెట్టినచో కొమ్మ ఉడికిపోవును. రోజుకొకసారి కొద్దిసేపు సంచి ఎత్తి గాలి తగులనీయవలెను.

తడి చూచుటకు గుప్పెడు ఇసుక తీసి పిండుడు. నీరు కారినచో ఎక్కువ. పిడికిలి విప్పగానే విడిపోయినచో తక్కువ. ముద్దగా నిలిచినచో సరియైనది. కొమ్మలు నీరు చాలక చచ్చుట కంటె, నీరు నిలిచి గాలి అందక కుళ్ళి చచ్చుటయే ఎక్కువ. తొలకరి మొదలు కార్తీకము వరకు ఈ పనికి అనువైన కాలము. వడగాలుల దినములలో చేయరాదు. కోస్తావారు తుఫాను వానలకు కుండీలను చూరు క్రిందికి చేర్చవలెను.

చిగురును చూచి మోసపోవద్దు

ఇంటివద్ద నాటిన కొమ్మలు ఎక్కువగా పోవునది ఇక్కడనే. పది పన్నెండు దినములలో కొమ్మకు చిన్న చిగురు వచ్చును. ఇంటివారు సంతోషించి, కొమ్మ బ్రతికినదని తలచి, సంచి తీసివేసి, ఎండలోనికి మార్చుదురు. నాలుగు దినములలో అది మాడిపోవును. ఆ చిగురు గాదెలోని గింజలతో వచ్చినదే గాని వేరు తెచ్చిన రాబడితో వచ్చినది కాదు. ఖర్చు పెరిగినది, ఆదాయము ఇంకను లేదు.

వేరు పట్టినదనుటకు గుర్తులు వేరు. చిగురు ఆగక రెండవ, మూడవ జత ఆకులు విచ్చుకొనుచు పోవును. కొమ్మను రెండు వ్రేళ్ళతో మెల్లగా లాగినచో ఇసుక దానిని పట్టి యుంచును. కుండీ అడుగు రంధ్రమునుండి తెల్లని వేరు తొంగిచూచును. అంతవరకు కొమ్మను పెరికి చూచు అలవాటు మానవలెను. ఒకసారి పెరికినచో పుట్టుచున్న వేళ్ళు తెగిపోవును.

వేరు పట్టిన పిదప ఒక వారము పది దినములు సంచిని రోజురోజుకు ఎక్కువసేపు తెరచియుంచి, ఉదయపు ఎండకు అలవాటు చేయవలెను. తరువాత మట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపిన కుండీలోనికి మార్చవలెను.

నేల అంటు, గాలి అంటు

ఖర్చు తగ్గించుకొని ఓర్చుకొనలేని మొక్కలకు మరియొక ఉపాయము కలదు. కొమ్మను తల్లినుండి వేరుచేయకయే వేళ్ళు పుట్టించుట. పుట్టింటి నుండి గింజలు అందుచుండగా కొత్త కాపురము నిలద్రొక్కుకొనుట వంటిది ఇది. మొక్కలు కొన్నియే చాలునన్నవారికి ఇంతకంటె నమ్మకమైన పద్ధతి లేదు.

మల్లెకు నేల అంటు సులభము. నేలకు దగ్గరగా నున్న ఏడాది కొమ్మను వంచి, ఒక కణుపు దిగువన ఏటవాలుగా చిన్న గాటు పెట్టి, గాటు మూసికొనకుండ సన్నని పుల్ల ఉంచి, 8 నుండి 10 సెంటీమీటర్ల లోతున మట్టిలో పూడ్చి, పైన ఒక రాయి ఉంచవలెను. కొమ్మ కొన బయటనే ఉండవలెను. మట్టి ఆరనీయరాదు. రెండు నెలలకు వేళ్ళు వచ్చును. అప్పుడు తల్లివైపు కొమ్మను ఒకేసారి తెగగోయక, మొదట సగము వరకు కోసి, వారము దినముల తరువాత పూర్తిగా కోసినచో మొక్క బెదరదు.

వంగని కొమ్మలకు గాలి అంటు కట్టవలెను. కొమ్మ చుట్టును మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరమువలె తీసివేసి, పిండిన కొబ్బరిపొట్టును ముద్దగా కట్టి, పాలిథిన్ కాగితముతో చుట్టి రెండువైపుల బిగించవలెను. ఆకులలో తయారై బెరడుగుండా దిగు ఆహారము ఆ ఉంగరమువద్ద ఆగి అక్కడనే వేళ్ళు పుట్టించును. కాగితమునుండి వేళ్ళు కనబడినపుడు దిగువన కోసి నాటవలెను.

ఏ మొక్కకు ఏ పద్ధతి?

గుండుమల్లె, జాజి: నడికారు కొమ్మ లేక నేల అంటు. కొమ్మకు వేళ్ళు 5, 6 వారములలో వచ్చును.

ముద్దమందారము, నందివర్ధనము: నడికారు కొమ్మ, 4 నుండి 6 వారములు.

కాగితపు పూలు: ముదురు కొమ్మ, 15 నుండి 20 సెంటీమీటర్ల పొడవు. రెండు నెలలు ఓపిక పట్టవలెను.

ఢిల్లీ కనకాంబరము: పూతలేని కొనకొమ్మలు, 3, 4 వారములు.

చామంతి: పూత ముగిసిన పిదప మొదట వచ్చు పిలకలు, లేక 5 నుండి 7 సెంటీమీటర్ల కొనలు. రెండు మూడు వారములలో వేళ్ళూనును.

గులాబీ సంగతి వేరు. నాటు గులాబీ కొమ్మతోనే వచ్చును. కుండీలలో పెంచు పెద్దపూల రకములలో చాలవాటికి సొంతవేరు బలహీనము. అందుచేత వాటి కంటిని, బలమైన వేరుగల మరియొక గులాబీపై అంటుకట్టుదురు. అంటునకు దిగువనుండి వచ్చు పిలకలు క్రింది మొక్కవి. వాటిని ఎప్పటికప్పుడు మొదలంట తీసివేయవలెను. అశ్రద్ధ చేసినచో అవి పెరిగి పై మొక్కను అణచివేయును. మా గులాబీ నేల మారగానే నాటుపూలు పూచుచున్నదని కొందరు చెప్పుదురు. నేల వలన పువ్వు మారలేదు. పైనున్నది చచ్చి క్రిందిది మిగిలినది.

కొమ్మను కోసిన దినము, తల్లిమొక్క గుర్తు ఒక రేకుముక్కపై వ్రాసి కుండీలో గ్రుచ్చవలెను. మూడు నెలల తరువాత ఏది ఏదో జ్ఞాపకముండదు.

లెక్క ఒకటి చెప్పి ముగింతును. మొక్కకు మొక్కకు, వరుసకు వరుసకు 1.25 మీటర్ల దూరమున గుండుమల్లె నాటినచో, ఒక సెంటు నేలలో సుమారు 25 మొక్కలు పట్టును. అన్ని కొమ్మలు బ్రతుకవు గనుక 40 కొమ్మలు నాటవలెను. గుడ్డపీలిక కట్టిన నాలుగు పొదల నుండి పదేసి కొమ్మలు తీసినచో పొదలకు హాని లేదు, మీకు మొక్కల ఖర్చు లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఏ పువ్వు పూయునో ముందే ఎరిగి నాటుదురు. సెంటు తోట అక్కరలేనివారు రెండు కొమ్మలు నాటుకొని, ఒకటి పెరటిలో ఉంచి, మరొకటి ఇరుగుపొరుగున తెలిసినవారికి ఇవ్వుడు. మీ మొక్క ఎన్నడైన చనిపోయినచో, దాని కొమ్మ ఆ ఇంట మీకు దొరకును. గింజ లేని పువ్వుకు ఇంతకంటె మంచి విత్తనపు గాదె లేదు.